వదులు చేసిన పట్టీలు

ఆ ఏడు మొదటి మంచుకే తూబా బూటు బిగుతైంది.

పొద్దున్నే కొట్టు తెరిచి, మంచు మీద జారే బోర్డులు బల్లమీద పరిచి మరలు చూసుకుంటున్నాను. నా భార్య ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. పట్టీ అందడం లేదంది. నిరుడు అదే బూటుకి, అదే బోర్డు మీద, చీలమండ పట్టీ సగందాకా సులువుగా పోయేది. ఇప్పుడు పట్టీ మీది పళ్ళలో మొదటిది కూడా కొక్కెంలోకి దిగలేదు. లాగి చూశాను. కిర్రుమంది గానీ కరవలేదు.

"బూటు ముడుచుకుపోయింది. పొయ్యి దగ్గర పెట్టుంటారు," అంది తూబా.

మా కొండల్లో ఎవరి బూటు బిగుతైనా మొదట వచ్చే మాట అదే. తడిసిన బూటు కిరసనాయిలు పొయ్యికి దగ్గరగా పెడితే లోపలి మెత్త ఉడికి ముడుచుకుంటుంది. అలా ఒక జతైనా పాడుకాని ఇల్లు లేదు. కాలు లావైందేమో అని ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు.

కొట్టు వెనక గది మా అక్క కౌకబ్‌ది. మొగుడు వదిలేశాక మా ఇంటికి వచ్చేసింది, అప్పట్నుంచి ఆ గదే ఆమె రాజ్యం. మధ్యలో పొయ్యి, చుట్టూ కర్ర అరలు. శుక్రవారం సెలవుకి వచ్చి టెహరాన్ జనం మంచులో దొర్లి దొర్లి తిరిగిచ్చిన అద్దెబూట్లన్నీ తెల్లారేసరికి పొడిగా అందించేది. ప్రతి అర దగ్గరా చెయ్యి తిప్పి, వెనకవైపు పెట్టి వేడి చూసేది. అక్కడ చర్మం ఓర్చుకోగలిగితేనే బూటు పెట్టేది. ఆమె చేతిలో ఒక్క జత పాడైందని ఎన్నడూ వినలేదు. అయినా వెళ్ళి అడిగాను.

నేను పెట్టలేదు, అని ఒక్కమాట అని, మళ్ళీ బూట్ల నాలుకలు బయటికి లాగే పనిలో పడింది.

సరే అని పట్టీ విప్పి, బయటి చిల్లుకి మార్చి పొడుగు చేశాను. వేళ్ళ మీది పట్టీ కూడా వదులు చేశాను. పిక్క వెనక నిలబడే పలకను కొంచెం వెనక్కి వాల్చాను. తూబా ఎక్కి నిలబడి, మోకాళ్ళు వంచి, హాయిగా ఉందంది. హాయిగా ఉంటే బోర్డు మాట వినదని ఆమెకి నేనే నేర్పాను. కాలికీ బోర్డుకీ మధ్య ఎంత సందుంటే బోర్డు అంత ఆలస్యంగా తిరుగుతుంది. ఆ సంగతి గుర్తు చేస్తే తల ఊపి వెళ్ళిపోయింది.

కొట్టు గుమ్మంలోంచి స్త్రీల వాలు కింది సగం కనబడుతుంది. ఆ రోజుల్లో మగవాళ్ళ వాలుకీ ఆడవాళ్ళ వాలుకీ మధ్య తాడు కట్టేవాళ్ళు. తూబా అటువైపు ఆడపిల్లలకి నేర్పేది. మా ఊళ్ళో బోర్డెక్కిన మొదటి ఆడది ఆమే. ఆ పూట గమనించాను. మలుపు ఒక క్షణం ఆలస్యమవుతోంది. బోర్డు వెనక భాగం బరువెక్కిన కొంగులా ఈడ్చుకొస్తోంది.

స్త్రీల వాలు మీద పెత్తనం ఎప్పుడూ టెహరాన్ నుంచి వచ్చే ఎవరో అమ్మగారిదే. ఆ ఏడు వాలు నడిపే యాజమాన్యం ఒక మాట అంది. సీజను పొడుగునా ఒక్కరోజూ మానకుండా నిలబడితే, వచ్చే ఏటి నుంచి ఆ పెత్తనం తూబాకి ఇస్తామంది. ఊరి ఆడదానికి అలాంటిది ఇస్తామనడం అదే మొదలు. ఆ వార్త తెలిసిన రోజు కౌకబ్ పళ్ళెంలో అక్రోట్లు పోసుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. మా అమ్మాయిని నేర్చుకోవడానికి పంపం అన్న తల్లుల్ని కూర్చోబెట్టి ఒప్పించింది కూడా ఆమే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఊరు దీన్ని పూర్తిగా మరిచిపోయింది.

చలి ముదిరింది. అద్దె బూట్లలోంచి ఒక సైజు పెద్ద జత తీసి తూబాకి ఇచ్చాను. బూటు పెద్దదైతే మొత్తం లెక్క మారుతుంది. వేళ్ళు బోర్డు అంచు దాటి బయటికి వస్తాయి, మలుపులో మంచుని గీరుకుంటాయి. అడుగు బిళ్ళ మరలు విప్పి మడమవైపు జరిపాను. పాదాలు రెండూ ఇంకొంచెం పక్కలకి తిప్పాను. రెండు పూటలు ఆ పనే. తూబా బల్ల పక్కన కూర్చుని టీ తాగుతూ చూసింది. మధ్యమధ్య దగ్గింది. పొగ పడట్లేదంది.

అప్పటికే రాత్రిళ్ళు పడుకోవడం మానేసింది. మేము కోర్సీ చుట్టూ పడుకునేవాళ్ళం, కింద కుంపటి, పైన పొట్టి బల్ల, దాని మీద అందరికీ కలిపి ఒకటే బొంత. తూబా మాత్రం దిండ్లు వీపుకి ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునుకు తీసేది. వెన్నుకి వెచ్చగా ఉంటుందని చెప్పేది. మనిషి ఒక అబద్ధం నిలబెట్టుకోవడానికి ఎన్ని చిన్న అబద్ధాలు సిద్ధం చేసుకుంటుందో నాకు అప్పుడు తెలియదు.

కొత్త జత కూడా బిగుతైంది.

ఎదుటి కొట్టు ఫర్రోఖ్‌ది. మాకూ వాళ్ళకీ మాటలున్నాయి, మంచి లేదు. ఆ పొద్దున గుమ్మంలో మంచు తోస్తూ, అవతలి నుంచే పలకరించాడు.

"ఏం నోస్రత్, మీ అక్క బూట్లు వండుతోందట. ఉప్పు సరిపోయిందా?"

పక్కనున్న మినీబస్సు డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. మా ఇంట్లో మాట వీధిలోకి ఎలా వచ్చిందని ఆ పూటంతా అదే ఆలోచన. స్త్రీల వాలు దగ్గర ఎవరో బూటు సంగతి అడిగితే, తూబా ఇంట్లో పొయ్యి గురించి చెప్పిందట. అది తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మాంసం రసంలో కౌకబ్ రొట్టె తుంపి వేస్తోంది. రెండు జతలు ఎలా ముడుచుకుపోయాయో చెప్పమన్నాను. ఆమె తుంపడం ఆపలేదు. తన గదిలో ఏ బూటూ ముడుచుకోలేదంది. అద్దెబూట్లు అన్నీ అక్కడే ఆరుతున్నాయి, ఒక్క మనిషి వచ్చి ఫిర్యాదు చేశాడేమో చూపించమంది. మరి తూబావే ఎందుకు, అన్నాను. అదే నేనూ అడుగుతున్నాను, అంది.

అప్పుడు నోరు జారాను అనను. అనుకున్నదే అన్నాను. వచ్చే ఏడు మరదలు పెద్దదవుతుందని నీకు కడుపుమంట అన్నాను.

కౌకబ్ చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. నా వైపు చూడలేదు. తూబా వైపు తిరిగింది.

"తూబా, నువ్వు చెప్పమ్మా. నీ బూట్లు నేను పొయ్యి దగ్గర పెట్టడం ఎప్పుడైనా చూశావా?"

తూబా గ్లాసులో టీ చూస్తూ కూర్చుంది. చక్కెర గడ్డ బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా కరిగించుకుంది. చివరికి నిజమే వస్తుందని కౌకబ్ ఎదురుచూసింది.

"నాకేం తెలుస్తుంది వదినా. పగలంతా నేను కొండ మీదే ఉంటాను కదా."

కౌకబ్ లేచింది. చేతులు కడుక్కుని, వెనక గదిలోకి వెళ్ళి పొయ్యి ఒత్తి తగ్గించింది. మర్నాడు కింది ఊళ్ళో మా పినతండ్రి కూతురింటికి మూట కట్టుకుని పోయింది. నేను ఆపలేదు. తూబా గుమ్మందాకా వెళ్ళింది, అక్కడే నిలబడింది.

ఆ తర్వాత బూట్లు నేనే ఆరబెట్టాను. తూబాకి ఇంకా పెద్ద జత ఇచ్చి, దాన్ని అసలు వెనక గదిలోకి పోనివ్వలేదు. కొట్టులో చలికి గడ్డకట్టే మూలన, మేకుకి వేలాడదీశాను. కొన్నాళ్ళకి అవీ బిగుతయ్యాయి.

ఒక పూట తూబాని బోర్డెక్కించి, ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంక పట్టీ మార్చడానికి చిల్లు లేదు. పిక్క వెనక పలక ఎక్కడ ఒరుసుకుంటోందో చూద్దామని, బూటు నాలుక కిందికి వంచి, మేజోడు మీద నుంచే కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కాను. వేలు తీశాను. గుంట అలాగే ఉంది. పక్కన మళ్ళీ నొక్కాను. రెండోది కూడా పూడలేదు.

బయట ఎవరో కొట్టు ముందు నిలబడి చేతితొడుగులు ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. ఉన్నాయి నిజానికి.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చెట్ల అక్రోట్లు దులిపినప్పట్నుంచి, మంచు పడకముందే."

"రెండు కాళ్ళూనా?"

"రెండూను. పొద్దున తగ్గుతుంది, సాయంత్రానికి వస్తుంది. ఇప్పుడు పొద్దున కూడా ఉంటోంది."

"అక్కని ఇంట్లోంచి పంపేశాను కదే."

"పంపింది నువ్వు," అంది తూబా. కోపంగా అనలేదు. "నౌరూజ్ పండగ దాకా ఓపిక పట్టు. వాలు మూసెయ్యగానే నేనే వెళ్ళి ఆవిడ కాళ్ళమీద పడి తీసుకొస్తాను. ఇప్పుడు బయటపడితే డాక్టరంటారు. డాక్టరంటే టెహరాన్. టెహరాన్ అంటే ఈ పని పోయినట్టే. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిన మనిషికి కాళ్ళు వాయవా ఏంటి. తగ్గుతుందిలే."

బోర్డు దిగమన్నాను. దిగింది. మరలు ఒక్కొక్కటే విప్పి, బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగులు రెండూ ఊడదీసి, మరలు జేబులో వేసుకున్నాను. మర్నాటి మొదటి మినీబస్సులో టెహరాన్ పోతున్నామని చెప్పాను. ఖాళీ బోర్డు గోడకి ఆనించి తూబా కాసేపు దానివైపు చూసింది, తర్వాత అన్నం వండడానికి వెళ్ళింది.

పొద్దున లేచేసరికి దిండ్లు ఎత్తుగా అలాగే ఉన్నాయి, మనిషి లేదు. మినీబస్సు దగ్గరికి ముందే వెళ్ళిందేమో అనుకున్నాను. అంత వెర్రివాణ్ణి. బస్సు దగ్గర లేదు. ఫర్రోఖ్ కొట్టులో అడిగితే, పళ్ళు కుట్టుకుంటూ తాపీగా చెప్పాడు.

"వచ్చింది, బోర్డు అడిగింది, ఇచ్చాను. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పొడుగు పట్టీలు వేసిచ్చాను. నీ ఇంట్లో బూట్లు అలా ఉంటే పాపం ఏం చేస్తుంది మరి."

వాడికి నిజం చెప్పలేదు. చెప్పి ఉంటే ఫర్రోఖ్ నాతో పాటు పరిగెత్తేవాడే, వాడు అంత చెడ్డవాడు కాదు. నా ఇంటి సంగతి వాడి నోట పడటం ఇష్టంలేక ఊరుకుని, ఒక్కణ్ణే వెళ్ళాను.

తాడు దగ్గర కాపలావాడు ఆపాడు. మగవాళ్ళు దాటకూడదు. నా భార్యకి ఒంట్లో బాగాలేదు అన్నాను. అయితే లోపల ఆడవాళ్ళున్నారు, కబురు పంపుతానన్నాడు. పంపాడు కూడా. తూబా తీగకి వేలాడుతూ పైకి పోయే కుర్చీల వరసలో నిలబడి ఉంది. కబురు మోసుకెళ్ళిన అమ్మాయి నావైపు చెయ్యి చూపించింది. తూబా తిరిగి చూసింది. చాలా దూరం, ముఖం తెలియలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ సర్ది ఎక్కించి, చివర తానూ ఎక్కి పోయింది.

ఆ తాడు మోకాలెత్తు. దాటితే నన్నెవరూ కాల్చరు. కానీ అందరూ చూస్తుండగా ఆడవాళ్ళ వాలు మీదికి పరిగెడితే, ఆ సాయంత్రమే తూబా పని పోతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నేను దాటనని కూడా తెలుసు. దాని మీదే నమ్మకం పెట్టుకుని కుర్చీ ఎక్కింది.

మంచు కురవడం మొదలైంది. మధ్యాహ్నానికి ఇద్దరు ఆడవాళ్ళు తూబాని మంచులో లాగే బండిపలక మీద పడుకోబెట్టి కిందికి తెచ్చారు. పడలేదట. మలుపు మధ్యలో ఆగి, మంచు మీద కూర్చుని, ఊపిరి అందట్లేదని సైగ చేసిందట. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. ఫర్రోఖ్ బోర్డు ఇంకా కాళ్ళకే ఉంది. ఆ పట్టీలు బాగా కుదిరాయి. వాడు పని తెలిసినవాడే.

దారిలో మంచుపెళ్ళ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. యంత్రం వచ్చి తోసేదాకా ఆరోగ్యకేంద్రంలో గాలి గొట్టం పెట్టి కూర్చోబెట్టారు. టెహరాన్ చేరాక, చిన్నప్పటి ఆ కీళ్ళ జ్వరం ఎప్పుడో గుండెలో తలుపుని పాడుచేసిందనీ, చలికాలం ముందే వచ్చి ఉంటే కోసి బాగుచేసేవాళ్ళమనీ డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఒళ్ళు కోతకి తట్టుకోదన్నాడు. కాళ్ళు ఇంత వాచి మనిషి ఎలా నడిచిందని అడిగాడు. నడవలేదు, జారింది, అన్నాను. అర్థంకాక నావైపు చూశాడు.

ఆసుపత్రి నుంచే కౌకబ్‌కి కబురు చేశాను. వచ్చింది. మూట ఒక పక్కన పెట్టి, మంచం కాళ్ళవైపు కూర్చుంది. దుప్పటి తొలగితే కాళ్ళు కనబడ్డాయి. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత చెయ్యి తిప్పి, వెనకవైపు చర్మం మీద ఆనించింది. ఎంత వేడి ఉందో చూసుకున్నట్టు. దుప్పటి కప్పి, అంచులు కిందికి దోపింది.

తూబాకి తెలివి బాగా ఉంది. కళ్ళు తెరిచే ఉంది. గదిలో మేము ముగ్గురమే. ఒక్కమాట చాలు. పెద్దమాట కూడా అక్కర్లేదు. నేను గోడకి ఆనుకుని నిలబడి ఆ మాట కోసమే కాచుకున్నాను.

"వదినా, కాసిని నీళ్ళియ్యి," అంది.

కౌకబ్ తల పట్టుకుని తాగించింది.

కొత్త సంవత్సరం వస్తోందని, నౌరూజ్‌కి ఆడవాళ్ళు పళ్ళేల్లో గోధుమలు నానబోసే రోజుల్లో తూబా పోయింది. కొండ మీదికి తీసుకొచ్చి పాతిపెట్టాం.

అప్పటికే ఊరు తన తీర్పు తను రాసేసుకుంది. ఉడికి ముడుచుకుపోయిన బూట్లలో కాళ్ళు ఇరికించి, నెత్తురు నిలిచిపోయి, తూబా చచ్చిందట. బూట్లు ఉడకబెట్టింది ఎవరు? వేరే చెప్పాలా. గుండె సంగతి నేను చెప్పాను. గుండెలోకి నెత్తురు పోనివ్వకపోతే గుండె మాత్రం ఏం చేస్తుంది అన్నారు. కింది ఊళ్ళో కౌకబ్ ఉతికిన బొంతని ఒకావిడ తిరిగి నీళ్ళలో ముంచుకుందట, ఆ చెయ్యి తగిలిందని.

ఏడోరోజు ఇల్లు నిండింది. మగవాళ్ళు ముందుగదిలో, ఆడవాళ్ళు లోపలి గదిలో. కౌకబ్ వంటింట్లో పిండి వేయించి హల్వా కలియబెడుతోంది. ఆమె వచ్చినప్పుడు లోపలి గదిలో ఎవరూ జరిగి చోటివ్వలేదు, అందుకని వంటింట్లోకి పోయింది. ఖర్జూరాల పళ్ళెం కోసం వెళ్ళాను. గరిటె ఆపకుండానే మాట్లాడింది.

"తమ్ముడూ, నేను తిరిగి ఈ ఇంటికి వస్తాననట్లేదు. ఆ గదీ వద్దు నాకు. లోపలికెళ్ళి అందరిముందూ ఒక్కమాట చెప్పు. బూట్లు బాగానే ఉన్నాయి, కాళ్ళే వాచాయి, అది తూబాకి ముందునుంచీ తెలుసు అని. అంతే. తర్వాత నా దారిన నేను పోతాను."

చెబుతానన్నాను. నిజంగానే చెబుదామనే పళ్ళెం తీసుకుని వెళ్ళాను.

ముందుగదిలో యాజమాన్యం తరఫున వచ్చిన పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. తూబా ఖానమ్ లాంటి నిజాయితీపరురాలిని తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. స్త్రీల వాలు పెత్తనం ఇకమీదట ఈ ఊరి ఆడపిల్లకే ఇస్తామన్నాడు, ఆమె పేరు మీద. తలుపు అవతల ఆడవాళ్ళు ఏడ్చారు. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్ళ గొంతులు వినబడ్డాయి. ఫర్రోఖ్ తల్లి, ముసలావిడ, తలుపు వారగా తీసి, బంగారంలాంటి మనిషిని బిగుతు బూట్లు పొట్టనబెట్టుకున్నాయి నాయనా, అంది. అందరూ వంటింటివైపు చూశారు. తర్వాత నావైపు చూశారు.

చెప్పాలంటే నా నోటితో చెప్పాల్సింది ఒకటే. నా భార్య అబద్ధం ఆడింది. నా అక్క ముఖం మీద, నా కూడు తింటూ, పగలంతా కొండ మీద ఉంటానని చెప్పి ఆడింది. ఆ అబద్ధాన్ని నేను నమ్మాను. చావుమంచం మీద కూడా ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇదంతా ఆ పిల్లలు వింటుండగా చెప్పాలి.

"ఖర్జూరాలు తీసుకోండి," అన్నాను.

పళ్ళెం చుట్టూ తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి హల్వా పొయ్యి మీంచి దించి, మూత పెట్టి ఉంది. కౌకబ్ లేదు. మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు. దారిలో ఎదురుపడితే ముసుగు ముందుకి లాక్కుని, గోడవైపు తిరిగి నిలబడుతుంది, నేను దాటేదాకా.

ప్రతి గురువారం చెంబు పట్టుకుని తూబా సమాధికి వెళ్తాను. రాయి మీద నీళ్ళు పోసి, అరచేత్తో తుడుస్తాను. నోస్రత్‌లాంటి మొగుడు ఉండడని ఊరంతా అంటుంది. ఆ తర్వాత రాయి మీద వేలు ఆనించి ప్రార్థన చదవాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదు. జనం చూస్తుంటారని పెదవులు మాత్రం కదుపుతాను.